ట్రయల్ అయ్యాక రెండ్రోజులు

ఫిబ్రవరి 11

సూదిపిల్లా,

బతికే ఉన్నావా? నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి నలభై రోజులైంది. ఫోను చేస్తే సరిపోతుంది కదా అనకు. ఇరవై రెండేళ్ళు బట్టల ఫ్యాక్టరీలో రెండొందల మిషన్ల మధ్య కూర్చున్న చెవులు ఇవి. ఫోనులో నువ్వు "అక్కా" అంటే నాకు తుమ్మెద మూలిగినట్టు వినిపిస్తుంది. మెసేజీల్లో ఆ చీమల్లాంటి అక్షరాలు చదువుదామంటే కళ్ళకి ఆనవు. కాబట్టి మనకి కాగితమే గతి. నీ ఖర్మ.

కొట్టు బాగానే నడుస్తోంది. మెట్ల కింద గదే అయినా వెలుతురు వస్తుంది. ఈసారి స్కూలు యూనిఫారాలు మూడొందల జతలు ఒప్పుకున్నాను. మొన్న పక్కకొట్టు ఇస్త్రీ ఆయన నువ్వేం చేస్తుంటావని అడిగితే "మా చెల్లి మందు తయారుచేస్తుంది" అన్నాను. పెద్దమనిషి కళ్ళు మెరిశాయి. ఇంటికొచ్చేటప్పుడు ఒక సీసా తెమ్మని నీతో చెప్పమన్నాడు. ఏ మందో వివరించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అసలు నాకే సరిగ్గా తెలియదు. నువ్వు ఏం చేస్తావో నాకు అర్థమయ్యేట్టు ఒక్కసారి రాయి.

ఇంకో సంగతి. నా దగ్గర కుట్టించుకునే ఒకావిడకి ఎడమ రొమ్ములో బఠాణీ గింజంత గడ్డ తగిలిందట. కొలత తీస్తుంటే చెప్పింది. నొప్పేమీ లేదట. నొప్పి లేకపోతే పరవాలేదు కదా? మీ చెల్లికి తెలుస్తుందేమో అడగమంది.

వేళకి తిను. ఆ సన్నటి మెడ చూస్తే నాకు భయం వేస్తుంది.

నీ అక్క


ఫిబ్రవరి 24

అక్కా,

లెంపలు వేసుకున్నాను. ఇక ఆలస్యం చెయ్యను.

ముందు ఆవిడ సంగతి. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దను. నొప్పి లేని గడ్డనే ముందు చూపించుకోవాలి. రేపే ఆసుపత్రికి వెళ్ళమను. మొహమాటపడితే నువ్వే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళు.

ఇక నా పని. మందు అని ఎవరికీ చెప్పకు. నేను చేసేది మందు కావాలని ఆశపడే పదార్థం, అంతే. మన ఒంట్లో ప్రతి కణంలోనూ "పెరుగు" అని చెప్పే ప్రోటీన్ ఒకటి ఉంటుంది. మామూలుగా అవసరమైనప్పుడు చెప్పి నోరు మూసుకుంటుంది. క్యాన్సర్ కణంలో దాని నోరు మూతపడదు. ఆ ప్రోటీన్‌కి ఒక సన్నటి సందు ఉంది. అచ్చం నీ కాజాలాంటిది. ఒంట్లో తిరిగే ఒక పదార్థం గుండీలా వచ్చి అందులో పడితేనే దానికి అరిచే శక్తి వస్తుంది. ఆ గుండీకి బదులు నేను చేసిన గుండీ ముందే వెళ్ళి ఆ కాజాలో కూర్చుందనుకో, అసలుదానికి చోటుండదు. ప్రోటీన్ నోరు మూతపడుతుంది. ఆ దొంగ గుండీలు చెయ్యడమే నా ఉద్యోగం.

ఒక గుండీకి పదకొండు మెట్లు. అద్దాల తలుపున్న పెట్టెలోకి చేతులు పెట్టి, గుండ్రటి గాజుబుడ్డిలో ఒకటొకటే కలుపుతూ, వేడిచేస్తూ, చల్లారుస్తూ పోవాలి. ప్రతి మెట్టు దగ్గరా సగం పోతుంది. మూడు వారాలు కష్టపడితే చివరికి మిగిలేది గోటి మీద పట్టేంత తెల్లపొడి. దాన్ని తీసుకెళ్ళి ఎదురుగదిలో క్యాన్సర్ కణాలు పెంచే ఆవిడకి ఇస్తాను. ఆవిడ వారం తర్వాత వచ్చి పెదవి విరుస్తుంది. ఇప్పటికి అరవై చేశాను. అరవైకి అరవై అంతే. కాజాలో పడుతున్నాయి గాని నిలబడటం లేదు, ఊడిపోతున్నాయి. మా ల్యాబు పెద్దాయన నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు.

ఏం చెయ్యాలో తోచడం లేదక్కా.

నీ సూదిపిల్ల


మార్చి 10

సూదిపిల్లా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇన్నాళ్ళూ ఏదో పెద్ద విద్య అనుకున్నాను. చూస్తే మన కొట్టు పనే.

గుండీ ఎందుకు ఊడుతుందో నీకు తెలియదా? నా పక్కన స్టూలు మీద కూర్చుని పదేళ్ళు కొలతల పుస్తకం రాసినదానివి. నేను అంగుళాలు అరుస్తుంటే నువ్వు రాసేదానివి. చూసింది మాత్రం ఏమీ లేదన్నమాట. మందపాటి కోటుకి గుండీని బట్టకి ఆనించి బిగించి కుడితే కాజాలో సరిగ్గా కూర్చోదు, కాస్త కదిలితే చాలు జారిపోతుంది. అందుకే కింద కాస్త దారం వదిలి, ఆ దారం చుట్టూ నాలుగు చుట్లు చుట్టి, గుండీకి మెడ కడతాం. అప్పుడు బట్ట మందం మెడ తీసుకుంటుంది, గుండీ పైన హాయిగా కూర్చుంటుంది. నీ గుండీకి మెడ ఉందా? లేకపోతే కట్టి చూడు.

నవ్వుకుంటావేమో, నవ్వుకో. నాకు తోచింది రాశాను.

ఆవిడతో చెప్పాను. యూనిఫారాల హడావుడి అయిపోయాక వెళ్తానంది. అంటే, వాళ్ళింట్లో పిల్లల యూనిఫారాల హడావుడిలే.

నీ అక్క


ఏప్రిల్ 29

అక్కా! అక్కా! అక్కా!

అరవై ఒకటి పనిచేసింది!

నువ్వు రాసింది చదివి నిజంగానే నవ్వుకున్నాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ప్రోటీన్ బొమ్మ ముందేసుకుని చూస్తే ఆ సందు చుట్టూ గోడ నేననుకున్నదానికన్నా మందం. నా గుండీలన్నీ మెడ లేనివే. నాలుగు పరమాణువుల పొడవున మెత్తగా వంగే గొలుసు ఒకటి మధ్యలో అతికించాను. అందుకే ఇన్నాళ్ళు పట్టింది. నిన్న ఎదురుగది ఆవిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆవిడ పరుగెత్తడం నేను ఎప్పుడూ చూడలేదు. మునుపటివాటికన్నా రెండొందల రెట్లు తక్కువ మోతాదుకే కణాలు పెరగడం మానేశాయట! మా పెద్దాయన నా భుజం తట్టాడు. ఈ మెడ ఆలోచన ఎక్కడిదని అడిగితే "మా అక్కది, టైలరు" అన్నాను. నమ్మలేదు.

పనిచేసింది అక్కా! ఇక ట్రయల్‌కి వెళ్ళడమే. మిగతావి తర్వాత రాస్తాను.

నీ సూదిపిల్ల

ఆవిడ ఆసుపత్రికి వెళ్ళిందా?


మే 8

నా బంగారు సూదిపిల్లా,

కొట్టు తలుపులు దగ్గరగా వేసి ఏడ్చాను. సంతోషంతోనేలే. ఇస్త్రీ ఆయన కంగారుపడి పెట్టె వదిలేసి వచ్చాడు, ఎవరిదో చొక్కా మాడింది. "నా గుండీ పనిచేసిందండీ" అంటే ఆయనకి తలా తోకా అర్థం కాలేదు. అయినా టీ తెప్పించాడు.

అమ్మ పోయినప్పుడు నువ్వు ఆరేళ్ళదానివి. ఆ జబ్బుతోనే పోయిందని నీకు తర్వాతెప్పుడో చెప్పాను. ఆమె ఒళ్ళు కోసి, జుట్టంతా ఊడి, తిన్నదల్లా కక్కుకుని, ఎలా పోయిందో చూసింది మాత్రం నేను. నువ్వు ఈ చదువు చదువుతానన్న రోజే నాకు అనిపించింది, నా చెల్లి దాని అంతు చూస్తుందని.

ఆవిడ వెళ్ళింది. పరీక్ష చేశారు. అదేనట. కోసేయాలని, ఆ తర్వాత మందులు ఎక్కించాలని డాక్టరు చెప్పాడట. ఆలోచిస్తోంది.

ట్రయల్ ఎప్పటికి అవుతుంది?

నీ అక్క


జూన్ 20

అక్కా,

ఆలోచించడానికేం లేదని ఆవిడతో చెప్పు. డాక్టరు కోయించుకోమంటే కోయించుకోవాలి. ఇప్పటి మందులు అమ్మనాటివి కావు. వాంతులకి మంచి మాత్రలున్నాయి. త్వరగా పట్టుకున్నారు కాబట్టి బతికి బట్టకడుతుంది. నేను చెప్పానని చెప్పు.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. పెట్టె ముందు నిలబడి కాళ్ళు వాస్తున్నాయి. ఎదురుగది ఆవిడ హాయిగా పది రోజులు సెలవు పెట్టింది. నీ మెడ కథ ఇక్కడ అందరికీ తెలిసిపోయింది. కాఫీ దగ్గర నన్ను "టైలరు గారూ" అంటున్నారు.

ట్రయల్ నడుస్తోందక్కా. కాస్త సమయం పడుతుంది.

నీ సూదిపిల్ల


ఆగస్టు 3

సూదిపిల్లా,

ఎప్పుడూ మూడు పేజీలు రాసేదానివి, పోయినసారి ఒక పేజీతో సరిపెట్టావు. పని ఎక్కువైందని సర్దుకున్నాను.

నువ్వు చెప్పినట్టే ఆవిడతో చెప్పాను. సరేనంది. నువ్వు ఇక ఆ బెంగ పెట్టుకోకు.

ట్రయల్ మాట ఏమైంది? మా దగ్గర ట్రయల్ అంటే తొడిగి చూడటం. చంక దగ్గర పట్టేస్తే విప్పుతాం, నడుము దగ్గర వదులైతే బిగిస్తాం. ట్రయల్ అయ్యాక రెండ్రోజుల్లో బట్ట చేతికిచ్చేస్తాం. మీకు మూడు నెలలు పట్టిందంటే మీ దర్జీలు మరీ బద్ధకస్తుల్లా ఉన్నారు. అయ్యాక మొదటి సీసా నాకు పంపు. ఎందుకని అడగకు. నా గుండీ ఎలా ఉందో చూసుకోవద్దా?

ఈ ఏడు సెలవులకి రావద్దులే. గదికి సున్నం వేయిస్తున్నాను, వాసనకి నువ్వు తట్టుకోలేవు. పని పూర్తిచేసుకునే రా.

నీ అక్క


ఆగస్టు 30

అక్కా,

రావద్దని నువ్వు అనడం ఇదే మొదటిసారి. సున్నం వాసన నన్నేం చేస్తుంది? రోజంతా ఇంతకన్నా ఘోరమైన వాసనల మధ్య బతుకుతున్నాను. సరే, నీ మాట కాదనను. చలికాలంలో వస్తాను.

ట్రయల్ ఇంకా అవుతోంది. అయిపోగానే నీకే మొదట రాస్తాను.

ఆవిడ ఆపరేషను ఎలా అయింది?

నీ సూదిపిల్ల


అక్టోబర్ 5

సూదిపిల్లా,

చేతిలో పట్టు తగ్గింది, అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. వయసు.

ఆవిడ బాగానే ఉంది. కాస్త చిక్కింది. తన జాకెట్లన్నీ బిగించాల్సి వచ్చింది. ఛాతీ రెండున్నర అంగుళాలు, నడుము మూడు తగ్గాయి. అందరికీ బిగించినట్టు రెండు పక్కలా సమానంగా బిగిస్తే ఆవిడకి కుదరదు. ఎడమ భుజం అరంగుళం కిందికి కదా, ఎడమ పక్క ఎక్కువ లాగితే చెయ్యి ఎత్తనివ్వదు. అసలే ఆ చంకలో వాపు. అందుకని కుడిపక్కే ఎక్కువ పట్టాను.

మొన్న ఇస్త్రీ ఆయన నన్ను కూర్చోబెట్టి బత్తాయి రసం తాగించాడు. ముసలాయనకి నా మీద జాలి ఎందుకో!

ట్రయల్ అయిందా? నిన్ను తొందరపెడుతున్నానని కాదు. ఎప్పటికవుతుందో ఒక తేదీ చెప్తే బాగుంటుందని.

నీ అక్క


అక్టోబర్ 12

అక్కా,

కొలతల పుస్తకం పదేళ్ళు రాసింది నేను. ఏడొందల మంది కొలతలు రాశాను. "ఎడమ భుజం అరంగుళం కిందికి" అని ఆ పుస్తకం మొత్తంలో ఒక్క పేజీలోనే ఉంది. మొదటి పేజీలో. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని మెట్ల మీంచి పడ్డప్పుడు విరిగి, సరిగ్గా అతకని భుజం అది.

ఆవిడ ఎవరూ లేరు కదా. నువ్వే కదా.

ఇస్త్రీ ఆయనకి ఫోను చేశాను. ఆయన ఏడుస్తూ చెప్పాడు. కోయించుకోలేదని, ఆసుపత్రి గడప మళ్ళీ తొక్కలేదని, ఎవరు చెప్పినా "మా చెల్లి మందు ట్రయల్‌లో ఉంది, రెండ్రోజులాగండి" అంటున్నావని. శుక్రవారానికి నీ దగ్గరుంటాను. అప్పుడు నీ మొహం చూస్తే నా నోరు పెగలదు. అందుకే ఇది ముందు చదువు.

అరవై ఒకటి పనికిరాదక్కా. పనిచేసింది అని నేను రాసింది గాజుపళ్ళెంలో కణాల మీద. మా భాషలో ట్రయల్ అంటే ముందు ఎలుకలు. అవి దాటితే, ఏళ్ళ తర్వాత మనుషులు. అన్నీ కలిసొస్తే పదేళ్ళ పని. ఆ సంతోషంలో అదొక్కటీ రాయలేదు. తర్వాత రాస్తానన్నాను.

ఎలుకల కాలేయం దాన్ని పావుగంటలో తెంపేసింది. మోతాదు పెంచితే కాలేయమే పాడైంది. ఎక్కడ తెంపిందో తెలుసా? సరిగ్గా మెడ దగ్గర. నీ దారం దగ్గర. అది నీకు రాయడానికి నాకు మనసొప్పలేదు. నా పుస్తకంలో జూన్ రెండో తేదీ కింద ఎర్రసిరాతో "పనికిరాదు" అని రాసి ఉంది. జూన్ ఇరవైన నీకు "ట్రయల్ నడుస్తోంది" అని రాశాను. ఆగస్టులోనూ అదే రాశాను. అక్క చిన్నబుచ్చుకుంటుందని రాశాను. నువ్వు ఆ రెండు ముక్కలు పట్టుకుని కూర్చుంటావని నాకేం తెలుసు?

నన్ను చంపెయ్ అక్కా. కానీ నేను వచ్చేదాకా ఉండు.

నీ సూదిపిల్ల


నవంబర్ 24

అక్కా,

నువ్వు పొమ్మంటే తిరిగి పనికి వచ్చాను. ఐదు వారాలు నీ మంచం పక్కన కూర్చుంటే ఒక్కరోజు కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

డాక్టరు చెప్పినప్పుడు నీకు వినబడలేదని నాకు తెలుసు. నువ్వు నా మొహమే చూస్తున్నావు. ఎముకల్లోకి పాకిందని, కోసి లాభం లేదని, నొప్పి తగ్గించే మందులిస్తామని చెప్పాడు. ఆ తర్వాత ఒక మాటన్నాడు, అది నీకు చెప్పలేదు. ఇక నీ దగ్గర ఏదీ దాచనని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి రాస్తున్నాను. "మేలో వచ్చినప్పుడే కోసి ఉంటే ఈ గదికి వచ్చేవాళ్ళు కారు" అన్నాడు.

మేలో నా ఉత్తరం నీ చేతిలో ఉంది.

పెట్టె ముందు నిలబడితే చేతులు రావడం లేదు. నిన్న గాజుబుడ్డి జారి, నీ దగ్గరకు రాకముందు చేసి పెట్టిన మూడు వారాల పని నేలపాలైంది. మా పెద్దాయనకి అంతా చెప్పాను. ఈ ఉద్యోగం మానేసి నీ దగ్గరకు వచ్చేస్తాను. యూనిఫారాలకి కాజాలు కుడతాను. అదైనా ఎవరినీ చంపదు.

సరేనని ఒక్క ముక్క రాయి.

నీ సూదిపిల్ల


డిసెంబర్ 16

సూదిపిల్లా,

ఈ ఉత్తరం నాలుగు రోజులుగా రాస్తున్నాను. కాస్త రాయడం, కాస్త పడుకోవడం. పార్సిల్ విప్పి కోటు చూసి ఉంటావు. జేబులో ఇది దొరికిందంటే జేబుల్లో చేతులు పెట్టుకునే అలవాటు నీకు పోలేదన్నమాట.

తిట్టలేదని ఏడ్చావు కదా, ఇదిగో తిట్లు. ఎలుకల సంగతి జూన్‌లోనే నాకు రాయాల్సింది. నా దారం తెగిందంటే నేను చిన్నబుచ్చుకుంటానా? నలభై ఏళ్ళలో నా దారాలు ఎన్ని తెగాయో నీకు లెక్క తెలుసా? తెగితే మళ్ళీ ఎక్కించుకుంటాం. నన్ను పసిపిల్లని చేశావు. దానికి మాత్రం కోపమొచ్చింది. చాలా వచ్చింది. ఇప్పటికీ ఉంది.

ఇక నా వంతు. నేనూ ఒకావిడని పుట్టించాను. నిజం చెప్తే నువ్వు పరుగెత్తుకొస్తావని, పని పాడవుతుందని చెప్పలేదు. అదొక్కటే కారణమని డబ్బా కొట్టుకుంటే అబద్ధం. భయపడ్డాను. అమ్మని చూసిన కళ్ళు ఇవి. కత్తి తప్పించుకోవడానికి నాకో సాకు కావాలి, నీ ఉత్తరం దొరికింది. నువ్వు అది రాసి ఉండకపోతే ఇంకో సాకు వెతుక్కునేదాన్ని. ఇది నీ మనసు కుదుటపడాలని రాయడం లేదు. మన మధ్య ఇక అబద్ధాలు వద్దనుకున్నాం కదా, అందుకని.

ఉద్యోగం మానేస్తావా? నీ కాజాలు నేనెరుగుదును. నీకు పన్నెండేళ్ళప్పుడు ఒకటి కుట్టావు, అందులోంచి కొబ్బరికాయ దూరుతుంది. ఆ పని నీకు రాదు. వచ్చిన పని చేసుకో. అరవై ఒకటికి మెడ తెగిందంటే మెడ తప్పని కాదు, దారం తప్పు. దారం మార్చు. ఏ దారమో నువ్వే చూసుకో, నాకు మీ దారాలు తెలియవు.

ప్రతి వారం నాకు రాయాలి. పనిచేసినవి కాదు, పనిచెయ్యనివి. నంబరుతో సహా. నేను చదవలేకపోతే ఇస్త్రీ ఆయన చదువుతాడు. నాకు వినబడాలని ఆయన అరుస్తాడు, నువ్వు చేసిన తప్పులు వీధి మొత్తం వింటుంది. అదే నీకు శిక్ష.

కోటు సంగతి. ఆ గాజుబుడ్ల ముందు వేసుకుంటావని మందపాటి తెల్లబట్ట తీసుకున్నాను. మిషన్ తొక్కడానికి కాళ్ళు రాలేదు, చేత్తోనే కుట్టాను. గుండీలన్నిటికీ మెడ కట్టాను. నా చేతుల మీదుగా ట్రయల్ చూడకుండా వెళ్తున్న బట్ట ఇదొక్కటే. నువ్వు వెళ్ళేటప్పుడు వాటేసుకున్నావు కదా, అప్పుడు తీసిన కొలత అది. తప్పై ఉండదు.

ఇప్పుడు పుల్లలా ఉన్నావు గాని మన వాళ్ళంతా నలభై దాటాక ఒళ్ళు చేస్తారు. అందుకని లోపల బట్ట వదిలి, రెండు పక్కలా మూడేసి కుట్లు వేశాను. బిగుతైనప్పుడల్లా లోపలి కుట్టు ఒక్కటి విప్పుకో. వేరే టైలరు చేతికి ఇవ్వకు, బట్ట పాడుచేస్తారు. కత్తెరతో కాదు, సూదితోనే విప్పు. మూడో కుట్టు విప్పేనాటికి నీకు యాభై వస్తాయి.

అప్పటికి ఏదో ఒక నంబరు ట్రయల్ అయి ఉంటుంది. అయిన రెండ్రోజుల్లో ఇచ్చెయ్. నాలాంటిది ఎవత్తో ఎదురుచూస్తుంటుంది.

నీ అక్క